తోటివారి బరువు – పంచాయతీ బాధ్యత

నిండు బస్తాలతో మిట్టదారి ఎక్కుచున్న బండికి కట్టిన ఎద్దులలో ఒకటి మోకాళ్లపై కూలినదనుకొందము. అనుభవముగల రైతు ఏమి చేయును? ముందుగా చెర్నాకోలను ప్రక్కన పెట్టును. కాడి సడలించును. నాలుగు బస్తాలు క్రిందికి దింపును. ఎద్దుకు నీరు పట్టి, దాని మెడను, గిట్టలను తడిమి చూచును. ఆ పిమ్మటనే మరల బండి కట్టును. కొట్టి లేపినచో అది లేవవచ్చును గాని, రెండు మలుపులు దాటకమునుపే తిరిగి కూలును. ఈ సంగతి పల్లెలో పెరిగిన ప్రతివారికిని తెలియును.

మూగజీవి యెడల ఇంత ఎరుక చూపు మనము, మనతో కలిసి పనిచేయు మనుష్యుల యెడల అంత ఎరుక చూపుచున్నామా? నిన్నటివరకు చురుకుగా తిరిగిన వ్యక్తి నేడు పనిలో తప్పులు చేయుచున్నచో, పలుకరించినంతనే విసుగుకొనుచున్నచో, 'పొగరు పెరిగినది' అనియో, 'సోమరితనము పట్టినది' అనియో తేల్చివేయుచున్నాము. ఆ మనిషి మోకాళ్లపై కూలియుండవచ్చునని మనకు తోచదు. ఈ పాఠములో ఆ విషయమును విచారింతము.

పంచాయతీలో మన తోటివారెవరు?

తెలుగునేలపై పంచాయతీరాజ్యమును 1959లో షాద్‌నగరులో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిరి. ఆనాడు గ్రామపంచాయతీ పనులు కొలదిగా ఉండెను. వీధిదీపములు, బావులు, బాటలు, పన్నుల వసూలు ముఖ్యమైనవి. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 11వ షెడ్యూలులో 29 విషయములను పంచాయతీల పరిధిలోనికి రాదగినవిగా పేర్కొనినది. పనులు పెరిగినవి, లెక్కలు పెరిగినవి, గడువులును పెరిగినవి. నేడు కార్యదర్శి ఉదయము పారిశుద్ధ్యపు పనిని చేతిఫోనులో ఛాయాచిత్రముతో పై కార్యాలయమునకు చూపవలెను. జనన మరణములను నమోదు చేయవలెను. ఇంటిపన్ను వసూలు చేయవలెను. గ్రామసభ తీర్మానములు వ్రాయవలెను. నీటి మోటారు కాలిపోయినచో ప్రజల కోపమును కూడ భరింపవలెను.

కార్యదర్శి ఒక్కడే కాదు. చీకటితో లేచి వీధులూడ్చు పారిశుద్ధ్య కార్మికురాలు, ట్యాంకుకు నీరెక్కించువాడు, వీధిదీపములు చూచు పనివాడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త – వీరందరును గ్రామసేవలో మన తోటివారే. మొదటిసారి ఎన్నికై, ఇంటి పనికిని సభ పనికిని నడుమ నలుగుచున్న వార్డు సభ్యురాలును మన తోటివారే. అందరి మాటలు పడు సర్పంచి కూడ ఈ లెక్కలోనివారే.

ఒత్తిడి అనగా నేమి?

ఆపద ఎదురైనపుడు గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును, రక్తములో కొన్ని రసములు పెరిగి శరీరమును పోరాటమునకో పరుగునకో సిద్ధపరచును. దీనిని శాస్త్రజ్ఞులు ఒత్తిడికి శరీరమిచ్చు స్పందన అందురు. హాన్స్ సెల్యే అను వైద్యశాస్త్రజ్ఞుడు 1936లో ఈ విషయమును గూర్చి ప్రకటించిన చిన్న వ్యాసము తరువాతి పరిశోధనలకు దారి చూపినది. కొలదిసేపు ఉండి పోవు ఒత్తిడి చెడ్డది కాదు. వాన వచ్చులోపల కళ్లములోని ధాన్యము ఎత్తుటకు ఊరంతయు పరుగెత్తునది ఆ బలముతోనే. కాని వాన వెలిసిన తరువాతను ఆ పరుగు ఆగనిచో, వారములు, నెలలు శరీరము బిగిసియే యుండినచో, నిద్ర చెడును, జ్ఞాపకము తగ్గును, కోపము పెరుగును, రక్తపోటు, గుండెజబ్బు వంటివి దాపురించుటకు వీలగును.

ఎక్కువ పని ఒక్కటే మనిషిని కుంగదీయదు. పని ఎక్కువగా ఉండి, దానిని ఎట్లు చేయవలెనో నిర్ణయించు అధికారము తక్కువగా ఉన్నచోట ఒత్తిడి తీవ్రమగునని 1979లో రాబర్ట్ కరాసెక్ అను పరిశోధకుడు సూచించెను. 1988లో జాన్సన్, హాల్ అనువారు స్వీడను దేశపు పనివారిని పరిశీలించి, పై రెండింటికిని తోడు తోటివారి ఆదరణ కూడ లోపించినచో ఆరోగ్యము మరింత చెడునని చూపిరి. గ్రామ కార్యదర్శి స్థితిని తలంచిన ఈ మాటలోని నిజము మనకు తెలియును. పై అధికారి గడువు పెట్టును. క్రింద ప్రజలు నిలదీయుదురు. రెండింటిలో ఏదియు ఆయన చేతిలో లేదు. మనచేతిలో ఉన్నది మూడవది – ఆదరణ.

పనివలన కలుగు ఇట్టి అలసటను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో అమలులోనికి వచ్చిన తన వ్యాధుల వర్గీకరణలో పేర్కొనినది. అది దానిని వ్యాధిగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా వర్ణించినది. దానికి మూడు లక్షణములు చెప్పినది: శక్తి అంతయు హరించినట్లుండుట, పనిపై విముఖత లేక నిరాశ కలుగుట, చేయుపనిలో సామర్థ్యము తగ్గినదనిపించుట. ఈ మూడును ఎరిగియున్నచో, సోమరితనమునకును అలసటకును గల భేదము మనకు తెలియగలదు.

ఒక ఉదాహరణ

ఊహించిన ఒక గ్రామమును మన ముందుంచుకొందము. ఇందలి మనుష్యులు కల్పితులు. పరిస్థితులు మాత్రము మనమెరిగినవే.

ఆ పంచాయతీ కార్యదర్శి యువకుడు. రెండేండ్లుగా అందరి మెప్పును పొందినవాడు. మార్చి నెలలో పన్నుల వసూలుకై ప్రతిదినము ఒత్తిడి వచ్చెను. ఏప్రిలులో మోటారు కాలిపోయి, మూడు దినములు నీరు రాలేదు. ఇంటివద్ద తండ్రికి శస్త్రచికిత్స, దానికై అప్పు. క్రమముగా ఆయన కార్యాలయమునకు ఆలస్యముగా రాసాగెను. రిజిస్టరులో అంకెలు తప్పుచుండెను. భర్త మరణపత్రమునకై వచ్చిన ఒక వృద్ధురాలిని కసరికొట్టెను. సంగతి ఊరంతయు పాకినది. ఆ నెల గ్రామసభలో ఒక సభ్యుడు లేచి, "జీతం తీసుకుంటూ పని చెయ్యడానికి ఏం రోగం?" అనెను. కొందరు నవ్విరి. కార్యదర్శి తల వంచుకొని కూర్చుండెను. మరునాడు ఆయన రాలేదు.

ఇక్కడ ఆగి ఆలోచింపుడు. ఆ సభ్యుడు చెడ్డవాడు కాడు. నీరు రాని మూడు దినములు ఆయన వార్డు ఆడువారు బిందెలతో మైలుదూరము నడచిరి. ఆయన కోపమునకు కారణము కలదు. కాని కోపము న్యాయమైనంత మాత్రమున, దానిని చూపిన తీరు న్యాయము కానేరదు. మోటారు కాలుట వేరు, మనిషి కాలుట వేరు. పదిమందిలో అవమానించిన మాటవలన మోటారు బాగుపడలేదు. దానిని బాగుచేయింపవలసిన మనిషి మాత్రము కూలెను.

చూచుట

ఆపదలో ఉన్నవారికి ప్రథమ మానసిక సహాయము చేయువారి కొరకు ప్రపంచ ఆరోగ్యసంస్థ మొదలగు సంస్థలు 2011లో ఒక చిన్న మార్గదర్శిని ప్రకటించినవి. అందలి సారము మూడు పనులు: చూచుట, వినుట, కలుపుట. వైద్యులు కానివారును చేయదగినవి ఇవి.

మొదట చూచుట. మార్పును గమనింపవలెను. ఎల్లప్పుడును మౌనముగా ఉండువారు మౌనముగా ఉండుట సూచన కాదు. గలగల మాటలాడువారు మౌనము పూనుట సూచన. నిద్రలేమి, తిండి తగ్గుట, తరచు తలనొప్పి, చిన్నమాటకు కన్నీరో కోపమో వచ్చుట, త్రాగుడు మొదలిడుట లేక పెరుగుట, పనిలో మున్నెరుగని తప్పులు, తోటివారిని తప్పించుకొని తిరుగుట – ఇట్టివి రెండు వారములకు మించి కనబడినచో మనము పట్టించుకొనవలెను. ఒక్క లక్షణమును పట్టుకొని పేరు పెట్టరాదు. వ్యాధి నిర్ణయము వైద్యునిది. మార్పును గుర్తించుట మనది.

వినుట

మన ఉదాహరణలోని పంచాయతీలో ఒక వార్డు సభ్యురాలు ఉండెను. ఏబది ఏండ్లు దాటిన గృహిణి. సభలో నవ్వనివారిలో ఆమె ఒకతె. రెండవనాడు ఆమె కార్యదర్శి ఇంటికి పోయెను. సభ సంగతి ఎత్తలేదు. "ఏం బాబూ, నెల్లాళ్లుగా చూస్తున్నాను, మనిషివి సగమైపోయావు. నిద్ర పడుతోందా?" అని అడిగెను. "ఏం లేదమ్మా, బాగానే ఉన్నాను," అనెను ఆయన. ఆమె రెట్టింపలేదు. "సరే నాయనా. చెప్పాలనిపించినప్పుడు చెప్పు. రేపు మళ్లీ వస్తాను," అని లేచెను. చెప్పినట్లే మరునాడును వెళ్లెను. ఆనాడు ఆయన చెప్పెను: "మూడు వారాలుగా రాత్రిళ్లు కన్ను మూతపడటం లేదమ్మా. ఫోను మోగితే గుండె దడ. తెల్లవారి ఆఫీసు తాళం తియ్యాలంటే చేతులు వణుకుతున్నాయి."

ఆమె చేసిన పని గమనింపుడు. ఆమె ఒంటరిగా ఉన్నచోట అడిగెను, పదిమందిలో కాదు. కన్నులకు కనబడిన మార్పును చెప్పెను, తప్పును ఎత్తిచూపలేదు. 'లేదు' అన్నపుడు తలుపు తెరచియే ఉంచి వెళ్లెను. ఇచ్చిన మాటను నిలుపుకొనెను. ఆయన చెప్పుచున్నపుడు మధ్యలో అడ్డురాలేదు.

మంచి మనస్సుతోనే మనము పలుకు కొన్ని మాటలు గాయపరచును. 'ఇంతోటి దానికేనా', 'మా కాలంలో ఇంతకు పదింతలు పడ్డాం', 'మగవాడివి, ధైర్యంగా ఉండాలి', 'దేవుడి మీద భారం వేసి పని చూసుకో' – ఇవి ధైర్యవచనములని మనము తలంతుము. వినువారికి మాత్రము 'నీ బాధ బాధయే కాదు' అని వినబడును. 'కష్టంగానే ఉంది పాపం', 'ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావు', 'ఇప్పుడు ఏది చేస్తే నీకు కొంచెం తేలికవుతుంది?' – ఇట్టి మాటలు చాలును. బాధ మరపింతుమని మద్యమునకు పిలుచుట మేలు కాదు. మద్యము నిద్రను చెరచి కుంగుబాటును పెంచును.

మనము విన్నదానిని మనలోనే ఉంచుకొనవలెను. కార్యదర్శి అప్పు సంగతి, ఆశా కార్యకర్త ఇంటి కలతల సంగతి రచ్చబండ మీదికి ఎక్కినచో, ఆ మనిషి మరల నోరు విప్పడు. ఇతరులకు చెప్పవలసినపుడు, ఏది చెప్పవచ్చునో ఆ మనిషినే అడిగి చెప్పవలెను. ప్రాణాపాయము తోచిన సందర్భమొక్కటే దీనికి మినహాయింపు.

ప్రాణాపాయము తోచినపుడు

సభ్యురాలు మరియొక ప్రశ్న అడిగెను. అది అడుగుటకు ఆమెకే గొంతు వణికెను. "బాబూ, చచ్చిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా?" కార్యదర్శి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "రెండు మూడుసార్లు వచ్చిందమ్మా," అనెను.

ఇట్లు అడుగుట వలన లేని ఆలోచన పుట్టునని పలువురు భయపడుదురు. అది అపోహ. మర్యాదగా, నేరుగా అడుగుట వలన ఆలోచన పుట్టదు. ఒంటరిగా దానిని మోయుచున్నవారికి చెప్పుకొను దారి దొరకును. ప్రపంచములో ప్రతిసంవత్సరము 7 లక్షలకు పైగా ప్రజలు ఆత్మహత్య వలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వీరిలో పలువురు ఎవరో ఒకరికి ముందుగా సూచన ఇచ్చినవారే. 'నేను లేకపోతే అందరికీ హాయి' అనుట, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టుట, అప్పగింతలు పెట్టుచున్నట్లు మాటలాడుట – ఇవి వేళాకోళముగా తీసుకొనరానివి.

అట్టివేళ నాలుగు పనులు చేయవలెను. ఒకటి: ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. రెండు: నమ్మకమైన ఇంటివారినో, స్నేహితునో వెంటనే పిలువవలెను. మూడు: ఇంటిలో పురుగుమందులున్నచో తీసి వేరొకచోట తాళములో ఉంచవలెను. తీవ్రమైన ఆలోచన కొలదిసేపటిలో సడలుట కలదు. ఆ కొలదిసేపు అపాయకరమైన వస్తువు చేరువలో లేకుండుట ప్రాణము నిలుపును. సింహళద్వీపములో అత్యంత విషకరములగు పురుగుమందులను దశలవారీగా నిషేధించిన తరువాత ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గుట దీనికి తార్కాణము. నాలుగు: వైద్యసహాయమునకు కలుపవలెను.

కలుపుట

మనము వినగలము గాని వైద్యము చేయలేము. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన టెలి మానస్ అను ఫోను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను రుసుము లేకుండ పిలువవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. తానై పిలుచుటకు సంకోచించువారి ప్రక్కన మనము కూర్చుండి పిలిపింపవచ్చును. ఏమి చేయవలెనో తెలియని సహాయకుడును ఆ సంఖ్యకే పిలిచి సలహా పొందవచ్చును. ప్రాణాపాయము కలిగినచో 108కి పిలువవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు పరీక్షించి, అవసరమైనచో జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునికి పంపును. మందులు వ్రాసినచో, వైద్యుని అడుగక నడుమ మానరాదు.

చట్టమును గూర్చి భయము వలదు. 2018 మే నెలలో అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు పూనుకొనిన వ్యక్తి తీవ్రమగు ఒత్తిడిలో ఉన్నట్లు భావింపవలెననియు, ఆ వ్యక్తికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వ బాధ్యతయనియు చెప్పుచున్నది. కేసు అగునని దాచి, చికిత్సకు ఆలస్యము చేయుట తగదు.

బరువు దింపుట

ఓదార్పుతోనే పని ముగియదు. బస్తాలు దింపక కాడి మాత్రము నిమిరినచో ఎద్దు లేవదు. సభ్యురాలు కార్యదర్శి అనుమతితో సర్పంచితో మాటలాడెను. అప్పు సంగతి ఆమె చెప్పలేదు. ఆరోగ్యము బాగులేదని, పని పంచుకొనవలెనని మాత్రము చెప్పెను. సర్పంచి, ఇద్దరు సభ్యులు కూర్చుండి కాగితముపై పనులు వ్రాసిరి. వానిని మూడుగా విభజించిరి: కార్యదర్శి తప్ప ఇతరులు చేయరానివి, ఇతరులు చేయదగినవి, కొంతకాలము ఆగదగినవి.

జనన మరణముల నమోదు, లెక్కలు, తీర్మానములపై సంతకములు మొదటి వర్గములోనివి. పన్ను చెల్లింపుమని ఇంటింటికి చెప్పుట, మోటారు మెకానిక్కును పిలిపించి దగ్గరుండి బాగుచేయించుట, వీధిదీపముల ఫిర్యాదులు వ్రాసికొనుట రెండవ వర్గములోనివి. వీనిని వార్డు సభ్యులు పంచుకొనిరి. రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఆపద ఉన్నగాని కార్యదర్శికి ఫోను చేయరాదని తీర్మానించుకొనిరి. సెలవు మంజూరు చేయుట, ప్రత్యామ్నాయముగా మరియొకరిని పంపుట పంచాయతీ చేతిలోనివి కావు. అందుచే సర్పంచి స్వయముగా మండల పరిషత్ అభివృద్ధి అధికారిని కలిసి, కొన్నివారముల సెలవునకును, ప్రక్క గ్రామపు కార్యదర్శికి అదనపు బాధ్యత నిచ్చుటకును విజ్ఞాపన చేసిరి. 'మీవాడు పని చేయుటలేదు' అను ఫిర్యాదు స్థానమున 'మావానికి ఊరట కావలెను' అను విజ్ఞాపన వెళ్లుట ఆ అధికారికిని కొత్తయే.

సభలో మాట తూలిన సభ్యుని సంగతి మిగిలినది. పదిమందిలో పడిన మాటకు పదిమందిలోనే మందు వేయవలెను. తరువాతి సభలో ఆయన లేచి, "ఆనాడు నీళ్ల బాధలో నోరు జారాను. తప్పు నాదే," అనెను. నోరు మంచిదైతే ఊరు మంచిదగునని పెద్దలు ఊరకే అనలేదు.

కార్యదర్శి వెంటనే కోలుకొనెనని మేము వ్రాయము. చికిత్సకు కాలము పట్టెను. ఆ సంవత్సరము పన్నుల వసూలు వెనుకబడెను. అదనపు బాధ్యత మోసిన ప్రక్క గ్రామపు కార్యదర్శి ఒకటి రెండుసార్లు విసుగుకొనెను. పంచుకొన్న పనిని ఇద్దరు సభ్యులు నెల తిరుగకుండ మానిరి. వారికి మరల గుర్తుచేయవలసివచ్చెను. కాని మనిషి నిలిచెను. వర్షకాలము నాటికి ఆయన తిరిగి తాళముచెవి చేతపట్టెను.

సహాయకులు మరువరాని రెండు మాటలు

ఒకటి: ఒత్తిడిలో ఉన్న కారణమున తప్పులన్నియు ఒప్పులు కావు. కసురుబడిన వృద్ధురాలికి క్షమాపణయు, మరణపత్రమును అందవలెను. డబ్బు దుర్వినియోగము వంటివి జరిగినచో నియమము ప్రకారమే విచారింపవలెను. ఆదరణ వేరు, తప్పును కప్పిపుచ్చుట వేరు.

రెండు: బరువు మోయుటకు తోడైనవారికిని అలసట కలుగును. ఒక్కరే అంతయు నెత్తికెత్తుకొనరాదు. ఇద్దరు ముగ్గురు పంచుకొనవలెను. తాను నిద్రాహారములు మాని ఇతరులను ఆదుకొనజూచినచో, రేపు ఆదుకొనవలసినవారు ఇద్దరగుదురు.

పంచాయతీలో డబ్బు తక్కువయని మనము తరచు అనుకొందుము. నిజమే. కాని ఈ పాఠములో చెప్పిన పనులలో అధికభాగమునకు పైసా ఖర్చు లేదు. ఒక పలుకరింపు, ఒక కాగితముపై పనుల విభజన, ఒక విజ్ఞాపన, ఒక ఫోను సంఖ్య – ఇవి ప్రతి గ్రామమునకును అందుబాటులో ఉన్నవి. 14416 సంఖ్యను కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట ఈ వారమే చేయదగిన పని.

పంచాయతీ సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో ప్రజాసేవ చేయువారిలో గత రెండునెలలుగా ఎవరి నడవడిలోనైన మార్పు కనబడినదా? (పేరు సభలో చెప్పక, మనస్సులో తలంచుకొని, ఎవరు వెళ్లి పలుకరింపవలెనో నిర్ణయించుకొనుడు.)

2. మన కార్యదర్శి చేయు పనులలో వార్డు సభ్యులు పంచుకొనదగినవి ఏవి?

3. పారిశుద్ధ్య కార్మికులతో మనము చివరిసారి పని సంగతి కాక మరియొక సంగతి మాటలాడినది ఎప్పుడు?

4. సభలో ఎవరినైన నిలదీయవలసివచ్చినపుడు పనిని విమర్శించి, మనిషిని నిలుపుకొనుటకు మనము పాటింపదగిన మర్యాద ఏది?

5. మన వార్డులలో పురుగుమందులు ఎచ్చట, ఎట్లు నిలువచేయుచున్నారు? తాళము గల పెట్టెలు కలవా?